పాత టీబీ మచ్చ, అమెరికా వీసా: కోరుట్ల వైపు నుంచి వచ్చిన ఒక ఫైలు

దరఖాస్తుదారు 67 ఏళ్ల తల్లి. ఊరు కోరుట్లకు, మెట్‌పల్లికి మధ్యలో. నలభై ఏళ్లు బీడీలు చుట్టారు. కొడుకు అమెరికా పౌరసత్వం తీసుకుని ఐ-130 (బంధువును రప్పించుకునే వలస దరఖాస్తు) వేశాడు, కేటగిరీ ఐఆర్-5, అంటే అమెరికా పౌరుల తల్లిదండ్రులకు ఇచ్చే వలస వీసా. బిడ్డ హన్మకొండలో ఉంటుంది, కాగితాల పనంతా ఆమె చేతి మీదుగానే నడిచింది. తల్లికి పదేళ్లుగా షుగర్, దానికి గోళీలు వాడుతున్నారు. 2006లో ఊపిరితిత్తుల టీబీ వచ్చి, ఊరి పీహెచ్‌సీ ద్వారా ఆరు నెలలు మందులు వాడి నయమైంది. మనిషిని గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాం. వైద్యానికి, వీసాకు సంబంధించిన వరుస మాత్రం జరిగినట్టే ఉంచాం.

వీసా ఫైళ్లు చూసే మా దగ్గరికి ఇది వచ్చేసరికి ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ ఖరారై ఆరు వారాల గడువు ఉంది. కుటుంబం అడిగింది ఒకటే ప్రశ్న: "టీబీ సంగతి చెప్పకుంటే నడవదా?"

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. తల్లి సొంత తమ్ముడు సౌదీ పోవడానికి మెడికల్ చేయించుకుంటే, ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడిందని అన్‌ఫిట్ ముద్ర పడింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇలాంటి కథ లేని ఊరు ఉండదు. గమ్కా మెడికల్ అని ఇప్పటికీ పిలుచుకునే ఆ పరీక్షలో, పేరు వఫీద్‌గా మారినా సరే, నయమైపోయిన టీబీ గుర్తులు కూడా తిరస్కరణకు కారణమే. కొద్దిపాటి ఫైబ్రోసిస్ (కణజాలం గట్టిపడి ఏర్పడే మచ్చ) ఉన్నా, సున్నం పేరుకున్న మచ్చ ఉన్నా అంతే. అక్కడ చూసేది మచ్చను. ఈ అనుభవంతోనే మన వాళ్లు అమెరికా, బ్రిటన్, కెనడా ఫైళ్లకూ అదే భయాన్ని మోసుకొస్తారు, పాత కార్డులు చించేస్తారు, దాచేస్తారు. మా చేతికి వచ్చే ఫైళ్లలో చెడిపోయినవి చాలావరకు ఇక్కడే చెడతాయి.

అమెరికా చట్టం అడిగేది వేరే. వలస చట్టం 212(ఏ)(1) సెక్షన్ ప్రకారం ఆరోగ్య కారణంగా వీసా ఆపడానికి నాలుగు దారులున్నాయి: ప్రజారోగ్యానికి ముప్పయ్యే అంటువ్యాధి, కావాల్సిన టీకాలు లేకపోవడం, తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తనతో కూడిన శారీరక లేదా మానసిక రుగ్మత, మాదకద్రవ్యాల వ్యసనం. టీబీ మొదటి దాంట్లోకి వస్తుంది, అదీ ఇప్పుడు ఒంట్లో ఉండి ఇతరులకు అంటుకునే టీబీ అయితేనే. 19 ఏళ్ల కిందట నయమైన టీబీ తాలూకు మచ్చ వీసాకు అడ్డు కాదు. అది కేవలం మచ్చేనని రుజువు చేయడానికి మాత్రం సమయం పడుతుంది. ఈ ఫైలులో మా పని చాలావరకు ఆ సమయాన్ని ముందే లెక్కగట్టడమే.

"ఉందా" అన్న ప్రశ్న, "ఎప్పుడైనా వచ్చిందా" అన్న ప్రశ్న

వలస వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారంలో అడిగేది ఇప్పుడు టీబీలాంటి అంటువ్యాధి ఉందా అని. నయమైన మనిషి "లేదు" అని రాయడం సరైన జవాబే. కొడుకు అలాగే రాశాడు, తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో ప్యానెల్ ఫిజీషియన్ (వీసా వైద్య పరీక్షలకు అమెరికా గుర్తించిన డాక్టరు) దగ్గర నింపే వైద్య చరిత్ర మాత్రం గతాన్ని అడుగుతుంది. ఎప్పుడైనా టీబీ వచ్చిందా, మందులు వాడారా, ఎన్నాళ్లు వాడారు అని. అక్కడ "లేదు" అంటే అబద్ధం. ఎక్స్‌రే నిజం చెప్పేస్తుంది, మనిషి చెప్పింది దానికి ఎదురుగా నిలబడుతుంది. మచ్చ వల్ల రాని ఇబ్బంది అబద్ధం వల్ల వస్తుంది. వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని దాచినట్టు తేలితే 212(ఏ)(6)(సీ) కింద జీవితాంతం నిషేధం పడే అవకాశం ఉంది. తల్లికి ఇది రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి విన్నది బిడ్డ, రెండోసారి విన్నది తల్లి. వైద్య పరీక్ష గదిలోకి దరఖాస్తుదారు ఒక్కరే వెళ్లే సందర్భాలుంటాయి కాబట్టి, చెప్పాల్సింది ఆమెకే అర్థం కావాలి.

పాత కాగితం వేట

2006లో జాతీయ కార్యక్రమం కింద టీబీ మందులు వారానికి మూడు రోజులు ఇచ్చేవారు. కొత్తగా తెమడ పాజిటివ్ వచ్చినవాళ్లకు ఎర్ర డబ్బా: మొదటి రెండు నెలలు నాలుగు మందులు 24 మోతాదులు, తర్వాతి నాలుగు నెలలు రెండు మందులు 54 మోతాదులు. ప్రతి పేషెంట్ పేరుతో డబ్బా పక్కకు పెట్టేవారు, గుర్తింపు కార్డు ఒకటి చేతికిచ్చేవారు. ఆ కార్డు దొరికితే సగం పని అయినట్టే. ఈ ఫైలులో అది దేవుడి పటాల వెనుక బీడీ కార్మికుల గుర్తింపు కార్డుతో కలిసి దొరికింది.

దొరికాక రెండు చిక్కులు. కార్డులో జిల్లా కరీంనగర్, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పాస్‌పోర్టులో జిల్లా జగిత్యాల, రాష్ట్రం తెలంగాణ. ఇది 2014, 2016 మార్పుల వల్ల వచ్చింది, ఒక్క వాక్యంలో వివరణ సరిపోతుంది. రెండోది పేరు. కార్డులో పేరు చివర "అవ్వ", పాస్‌పోర్టులో "దేవి". ఇలాంటి చోట నోటరీ అఫిడవిట్‌తో సరిపెట్టేస్తారు. అఫిడవిట్ కాన్సులేట్ ఫైలుకు పనికొస్తుంది గాని డాక్టరుకు కాదు. డాక్టరు చూసేవి మూడు: ఏ మందులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, చివరి తెమడ పరీక్ష ఫలితం ఏమిటి. అందుకే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ దగ్గర పాత టీబీ రిజిస్టర్ నంబరు వేయించి, రెండు పేర్లూ ఒకే మనిషివని, చికిత్స పూర్తయిందని, చివరి తెమడ నెగెటివ్ అని ఒక పేజీ ఉత్తరం తీసుకున్నాం. పాత రిజిస్టర్లు దొరకనప్పుడు జిల్లా టీబీ కేంద్రంలో అడగాలి. 2012 తర్వాతి కేసులైతే ప్రభుత్వం టీబీ కేసులు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో ఐడీతో వెతకొచ్చు, 2006 నాటివి అందులో ఉండవు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ కార్డు ఉన్నా తెమడ కల్చర్ (తెమడలో టీబీ క్రిమి పెరుగుతుందేమో ల్యాబ్‌లో చూసే పరీక్ష) చేయించుకోక తప్పదు. మరి దానికోసం ఇంత తిప్పలెందుకంటే, ఒకవేళ కల్చర్ పాజిటివ్ వస్తే ముందు వాడిన మందులేవో తెలిస్తే సరైన చికిత్స నిర్ణయించడం తేలిక. ఇంకో ఉపయోగం అమెరికా చేరాక కనబడింది.

ఎక్స్‌రే రోజు

15 ఏళ్లు నిండిన ప్రతి దరఖాస్తుదారుకూ ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. మన దేశం నుంచి వెళ్లే 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీబీ క్రిమి సోకిందేమో చూసే ఇగ్రా అనే రక్తపరీక్ష. ఎక్స్‌రేలో కనబడినదాన్ని డాక్టరు నిర్ణీత గడుల్లో గుర్తు పెడతారు. ఈ గడుల సంగతి తెలిస్తే అనవసరమైన ఆశా ఉండదు, అనవసరమైన భయమూ ఉండదు.

ఊపిరితిత్తిలో గుహలాంటి రంధ్రం, అంచులు మసకగా ఉన్న గడ్డ, పొరలో నీరు వంటివి ఉంటే "చురుకైన టీబీ కావచ్చు" గడి. ఫైబ్రోసిస్ గీతలు, మచ్చ లాగడంతో ఊపిరితిత్తి పైభాగం కుంచించుకుపోవడం, సున్నం పట్టని చిన్న గడ్డలు ఉంటే "నయమైన టీబీ కావచ్చు" గడి. ఈ రెండిట్లో ఏది పడినా తెమడ పరీక్షే. "నయమైన" అని ఉంది కదా, వదిలేస్తారని అనుకోవద్దు. పూర్తిగా సున్నం పట్టిన ఒంటరి గడ్డ, పొర నున్నగా మందం కావడం, డయాఫ్రం కొద్దిగా పైకి లాగినట్టుండటం వంటివైతే సాధారణంగా తదుపరి పరీక్ష అక్కర్లేదు. తల్లికి కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఫైబ్రోసిస్ గీతలున్నాయి, ఆ భాగం కొంచెం పైకి లాగి ఉంది. రెండో గడి. తెమడ ఖాయమని ఆ రోజే తేలింది.

అక్కడే ఒక అడ్డంకి బయటపడింది. పది రోజుల ముందు దగ్గు వస్తే మెడికల్ షాపులో అడిగి లెవోఫ్లోక్సాసిన్ ఐదు రోజులు వేసుకున్నారు. ఈ రకం యాంటీబయాటిక్‌కు టీబీ క్రిమిని కూడా కొంత అణచే గుణం ఉంది, కల్చర్ తప్పుగా నెగెటివ్ రావొచ్చు. అడిగినప్పుడు బిడ్డ దాచకుండా చెప్పింది. డాక్టరు తెమడ సేకరణను రెండు వారాలు వెనక్కి జరిపారు. వైద్య పరీక్షకు ముందు నెల రోజులు డాక్టరు చీటీ లేకుండా ఏ యాంటీబయాటిక్ వేసుకోవద్దని అందరికీ చెప్పేది ఇందుకే. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మచ్చ చూసి "ఎందుకైనా మంచిది" అని తెమడ పరీక్ష చేయకుండానే టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టించడం. అలా చేస్తే మనిషి చికిత్సలో ఉన్నట్టు లెక్క, కల్చర్‌ను నమ్మలేరు, ఫైలు నెలల తరబడి ఆగుతుంది. స్థానిక డాక్టరు ఆ మాట అంటే, ముందు తెమడ పరీక్ష చేయించమని వినయంగా అడగండి.

మూడు పొద్దుల తెమడ

వరుసగా మూడు పని దినాలు, రోజుకొకటి, సిబ్బంది కళ్ల ముందే తెమడ ఇవ్వాలి. ఇంటి నుంచి డబ్బాలో పట్టుకుపోవడం కుదరదు. కోరుట్ల నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదు కాబట్టి ముందు రోజు సాయంత్రానికే హైదరాబాద్ చేరి, క్లినిక్‌కు దగ్గరలో నాలుగు రాత్రులు ఉండేలా గది తీసుకున్నారు. సోమవారం మొదలుపెడితే మంచిది. శుక్రవారం మొదలుపెడితే మధ్యలో ఆదివారం అడ్డొస్తుంది, పండుగ సెలవు కూడా ముందే చూసుకోవాలి.

వయసు పైబడినవాళ్లతో, పొడి దగ్గువాళ్లతో చిక్కు ఇక్కడే. డబ్బాలో పడేది తెమడ కాదు, ఉమ్మి. ఉమ్మి పల్చగా, నురగగా, తెల్లగా ఉంటుంది. తెమడ చిక్కగా, జిగటగా, ఛాతీ లోపలి నుంచి వస్తుంది. 5 మిల్లీలీటర్లు, అంటే చాయ్ చెంచాడు వస్తే మేలు. తల్లికి చెప్పింది ఇంతే: పొద్దున లేవగానే మంచినీళ్లతో నోరు రెండుసార్లు పుక్కిలించాలి. పొగాకు, తంబాకు, వక్క నోట్లో పెట్టొద్దు. నోట్లో మెతుకులు, వక్క పలుకులు ఉంటే ల్యాబ్‌లో వేరే క్రిములు పెరిగి కల్చర్ పాడవుతుంది, అప్పుడు మొదటి నుంచీ మళ్లీ ఎదురుచూపు. నిటారుగా కూర్చుని మూడుసార్లు గుండె నిండా గాలి పీల్చి, మూడోసారి లోపలి నుంచి దగ్గాలి. మొదటి రోజు ఉమ్మే వచ్చింది. సిబ్బంది ఉప్పునీటి ఆవిరి పట్టించాక సరైన తెమడ వచ్చింది. ఆవిరి పట్టమని అడగడానికి మొహమాటపడొద్దు, అది మామూలుగా చేసేదే.

షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళితే కళ్లు తిరుగుతాయి. తెమడ ఇచ్చాక తినడానికి రెండు ఇడ్లీలో, బిస్కెట్లో బిడ్డ సంచిలో పెట్టుకుంది. షుగర్ గోళీ వేసుకునే వేళ తమ డాక్టరును అడిగి ఆ మూడు రోజులకు మార్చుకున్నారు.

టీకాలు కూడా ఆ సమయంలోనే. 1957కు ముందు పుట్టినవాళ్లకు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా నుంచి మినహాయింపు. తల్లి పుట్టింది 1958 కాబట్టి ఒక డోసు వేశారు. పెద్దల ధనుర్వాత టీకా, 65 దాటినందుకు న్యుమోకాకల్ టీకా. ఫ్లూ టీకాకు కాలం కాదు. ఆటలమ్మ (చికెన్‌పాక్స్) చిన్నప్పుడు వచ్చిందా అని అడిగితే "అమ్మవారు పోసింది" అన్నారు. ఈ మాటతో చిన్న గందరగోళం ఉంది. మన ఊళ్లలో ఆటలమ్మకూ, తట్టుకూ, ఒకప్పుడు మశూచికీ కూడా ఇదే మాట. నీటి బొబ్బలు వచ్చి చెక్కు కట్టి రాలాయా, ఎర్రటి దద్దు వచ్చిందా అని విడదీసి చెప్పాలి. ఆటలమ్మ వచ్చిందని నమ్మకంగా చెప్పగలిగితే ఆ టీకా అక్కర్లేదు. తట్టు విషయంలో మాత్రం నోటిమాట చెల్లదు.

ఇంటర్వ్యూ, 221(జీ)

తెమడను సూక్ష్మదర్శినిలో చూసిన ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది. తల్లికి మూడూ నెగెటివ్. కల్చర్ అలా కాదు. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అది లేదని చెప్పడానికి వారాలు ఆగి చూడాల్సిందే. మొత్తం దాదాపు 8 వారాలు లెక్కపెట్టుకోవాలి. ఇంటర్వ్యూ నాటికి రెండు వారాలే అయ్యాయి. తేదీ వాయిదా వేయించుకుందామని కొడుకు అన్నాడు. వద్దన్నాం. వాయిదా వేస్తే కొత్త తేదీ ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఇంటర్వ్యూకు వెళితే మిగతా కాగితాలన్నీ ఆ రోజే పరిశీలన అయిపోతాయి, వైద్య నివేదిక ఒక్కటే మిగులుతుంది.

అనుకున్నట్టే 221(జీ) చీటీ ఇచ్చారు. అందులో ఆంగ్లంలో "తిరస్కరణ" అన్న అర్థం వచ్చే మాట చూసి ఇంట్లో అందరూ కుంగిపోయారు. ఇది తుది తిరస్కరణ కాదు, ఫలానా పత్రం వచ్చేవరకు నిర్ణయం ఆపడం. వైద్య నివేదికను క్లినిక్ నేరుగా కాన్సులేట్‌కే పంపుతుంది. మనం చేయాల్సింది ఎనిమిదో వారం దాటాక క్లినిక్‌కు ఫోన్ చేసి నివేదిక వెళ్లిందా అని అడగడం.

ఇంటర్వ్యూలో షుగర్ గురించి అడిగారు. షుగర్ అంటువ్యాధి కాదు, 212(ఏ)(1)లోకి రాదు. కాని ప్రభుత్వంపై భారమవుతారా అని చూసే 212(ఏ)(4)లో వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తి, చదువు అన్నీ లెక్కలోకి తీసుకోమని చట్టమే చెబుతోంది. కొడుకు ఐ-864 (తల్లి ఖర్చులకు ఇచ్చే ఆర్థిక పూచీ పత్రం)తో పాటు తల్లికి తీసుకోబోయే ఆరోగ్య బీమా ధరల వివరాలు ఫైలులో పెట్టించాం. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు మెడికేర్ (పెద్దవయసువాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఐదేళ్ల నివాసం నిండాక గాని అందదు. ఈ ఖర్చు ముందే ఆలోచించారని కనబడటం ఫైలుకూ మంచిది, తల్లికీ మంచిది.

కొడుకు ఇంటర్వ్యూ అయిన మూడో వారానికి టికెట్ ముందే కొన్నాడు. డబ్బు పోయింది. వీసా చేతికి రాకుండా టికెట్ కొనకూడదు. టీబీ చరిత్ర ఉన్న ఫైలులో అయితే ఆ ఆలోచనే వద్దు.

మూడు నెలల గడియారం

జూన్ చివర కల్చర్లు మూడూ నెగెటివ్ అని తేలింది. తల్లికి వచ్చిన వర్గం బీ1: ఎక్స్‌రే టీబీని సూచిస్తుంది, తెమడలో క్రిమి లేదు, ప్రయాణించవచ్చు. మామూలు ఫైలులో వైద్య నివేదిక 6 నెలలు చెల్లుతుంది. బీ1 అయితే 3 నెలలే. వీసా గడువు కూడా దానికే కట్టుబడి ఉంటుంది. ఇది తెలియక నష్టపోయినవాళ్లు చాలామంది. గడువు దాటితే టీబీ పరిశీలన మళ్లీ చేయాలి, అంటే ఇంకో ఎక్స్‌రే, ఇంకో మూడు పొద్దుల తెమడ, ఇంకో 8 వారాలు.

పాస్‌పోర్టు ముద్రతో చేతికొచ్చేసరికి జూలై చివరి వారం. మిగిలింది రెండు నెలలు. తల్లి కోరిక సద్దుల బతుకమ్మ ఆడి పోవాలని. వీసా గడువు సద్దులకు నాలుగు రోజుల ముందే ముగుస్తోంది. ఇలాంటి మాట చెప్పడం కష్టమే, కాని చెప్పాలి. గడువులోపు అమెరికాలో అడుగుపెట్టాలి, ఇక్కడ విమానం ఎక్కడం లెక్కలోకి రాదు. చివరి వారానికి టికెట్ పెట్టుకుంటే ఒక విమానం రద్దయినా, ఒక జ్వరం వచ్చినా అంతా పోతుంది. రాఖీ పౌర్ణమికి తమ్ముడికి రాఖీ కట్టి, మరుసటి వారం బయలుదేరారు. బయలుదేరే ముందు 235 డాలర్ల వలస రుసుము ఆన్‌లైన్‌లో కట్టించాం. ఎక్స్‌రే సీడీ, పీహెచ్‌సీ ఉత్తరం, పాత టీబీ కార్డు లగేజీలో కాకుండా చేతి సంచిలో పెట్టించాం.

ఒకవేళ కల్చర్ పాజిటివ్ వచ్చి ఉంటే దారి వేరు. క్లాస్ ఏ అవుతుంది, వీసా ఆగుతుంది, ప్యానెల్ ఫిజీషియన్ నిర్దేశించిన చోట ఎదురుగా మింగించే పద్ధతిలో చికిత్స పూర్తి చేయాలి. మామూలు మందులకు లొంగే టీబీ అయితే సాధారణంగా ఆరు నెలలు. పూర్తయి కల్చర్లు నెగెటివ్ వస్తే బీ0 వర్గంలో వీసా వస్తుంది. ఐ-601 ద్వారా మినహాయింపు కోరే వీలుంది గాని, చాలామందికి చికిత్స పూర్తి చేసుకోవడమే దగ్గరి దారి, ఆరోగ్యానికీ అదే మేలు.

అక్కడి నుంచి వచ్చిన ఫోన్

బీ1 వర్గంలో వెళ్లినవాళ్ల సమాచారం వాళ్లు దిగిన రాష్ట్ర ఆరోగ్య శాఖకు చేరుతుంది. తల్లి చేరిన మూడు వారాలకు కౌంటీ ఆరోగ్య విభాగం నర్సు ఫోన్ చేసింది. కొడుకు మొదటిసారి ఫోన్ ఎత్తి, గ్రీన్ కార్డుకు ముప్పేమోనని, తర్వాత మాట్లాడతామని పెట్టేశాడు. ఈ పిలుపు వలస శాఖది కాదు. గ్రీన్ కార్డు దీని మీద ఆధారపడదు. వెళ్లి పరీక్ష చేయించుకోవడమే సరైనది. మచ్చ ఉన్న ఊపిరితిత్తిలో, షుగర్ ఉన్న ఒంట్లో టీబీ తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి అది తల్లి కోసమే.

మరుసటి వారం వెళ్లారు. ఇగ్రా పాజిటివ్ వచ్చింది, ఒకసారి టీబీ వచ్చినవాళ్లకు అది వస్తుంటుంది. సాధారణంగా అప్పుడు దాగి ఉన్న క్రిమికి నాలుగు నెలలు రిఫాంపిసిన్ ఇస్తామంటారు. షుగర్ గోళీలు వాడేవాళ్లలో రిఫాంపిసిన్ ఆ గోళీల బలాన్ని తగ్గిస్తుంది, చక్కెర పెరుగుతుంది, మళ్లీ మోతాదులు సరిచేయాలి. డాక్టరు కొత్త ఎక్స్‌రేను సీడీలోని దాంతో పోల్చారు, మార్పు లేదు. తర్వాత 2006 కార్డు అడిగారు. 24, 54 మోతాదులు పూర్తయినట్టు, చివరి తెమడ నెగెటివ్ అయినట్టు ఉన్న ఆ కాగితం చూసి, చికిత్స ముందే సరిగ్గా పూర్తయింది, మళ్లీ మందులు అక్కర్లేదని రాసి ఫైలు మూసేశారు.